హలో... నా మాట వినపడుతోందా?

ఫోన్ రింగయింది. అవతల ఎత్తారు. 'నమస్కారం, చెప్పండి' అన్న మాట స్పష్టంగా వినిపించింది. మీరు చెప్పడం మొదలుపెట్టారు. అవతలి అమ్మాయి మాత్రం 'హలో... హలో...' అంటూనే ఉంది. ఆమె గొంతు మీకు వినిపిస్తోంది, మీ గొంతే ఆమెకు చేరడం లేదు. నాలుగుసార్లు పిలిచి, 'ఏమీ వినపడటం లేదండీ, మళ్లీ చేయండి' అని పెట్టేసింది. మళ్లీ చేశారు. మళ్లీ అదే కథ!

ఇలాంటప్పుడు మనం మొదట సిగ్నల్‌ని తిట్టుకుంటాం. తర్వాత ఫోన్‌ని అరచేతిలో రెండుసార్లు తట్టి చూస్తాం. డాబా ఎక్కి మాట్లాడతాం. కానీ అన్నిసార్లూ తప్పు మన ఫోన్‌దే కాదు. ఆ కాల్ సెంటర్లో, తలుపేసి ఉన్న ఓ ఏసీ గదిలో, మౌనంగా పనిచేస్తున్న ఒక సర్వర్‌ది కావచ్చు. అందులో రాయాల్సిన ఒకే ఒక్క లైను రాయకపోతే చాలు... కాల్ కలుస్తుంది, మాట మాత్రం కలవదు.

గ్యాస్ బుకింగ్ కోసం చేసిన ఫోన్ అయితే విసుక్కుని ఊరుకుంటాం. అదే ఇంట్లో పెద్దాయనకు గుండెనొప్పి వచ్చినప్పుడు చేసిన ఫోన్ అయితే? 2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా 108 సేవలు మొదలయ్యాక, మూడంకెలు నొక్కితే సాయం వస్తుందన్న ధీమా తెలుగు పల్లెలకు అలవాటైంది. ఆపదలో ఉన్నవాడు చెప్పేది అవతలివారికి వినిపిస్తేనే ఆ ధీమాకు అర్థం. అందుకే ఈ వారం ఆ ఒక్క లైను సంగతి చూద్దాం. ఇంజినీర్లకే వదిలేసేంత కష్టమైన విషయమేమీ కాదిది.

జువ్వలదిన్నెలో ఓ గది...

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో, కావలికి దగ్గర్లో సముద్రం ఒడ్డునున్న ఊరు జువ్వలదిన్నె. 2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్యకార దినోత్సవం రోజున, రాష్ట్రంలో నాలుగు ఫిషింగ్ హార్బర్లకు శంకుస్థాపన చేశారు. ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నంతోపాటు నాలుగోది ఇదే. హార్బర్ అంటే పడవలు ఆగే చోటు మాత్రమే కాదు కదా! ఐసు, డీజిలు, వలల మరమ్మతు, వేలంపాట, వాతావరణ హెచ్చరికలు... రోజంతా వంద ప్రశ్నలు, వంద ఫోన్లు.

అక్కడ ఆ ఫోన్లకు జవాబు చెప్పడానికి నలుగురు కూర్చునే చిన్న కాల్ సెంటర్ పెట్టామని అనుకుందాం. నిజంగా ఉందని కాదు, విషయం అర్థం కావడానికి అనుకోవడమే. ఏమేం కావాలి? ఓ మోస్తరు కంప్యూటర్ ఒకటి సర్వర్‌గా. నాలుగు హెడ్‌సెట్లు. ఒక ఇంటర్నెట్ లైను. టెలిఫోన్ కంపెనీ ఇచ్చే ఓ నంబరు. మరి కాల్స్‌ని వరుసలో నిలబెట్టి, ఖాళీగా ఉన్నవారికి అందించే సాఫ్ట్‌వేర్? అది ఉచితంగానే దొరుకుతుంది.

దాని వెనకో చిన్న కథ ఉంది. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు చదువుకుంటూనే కంప్యూటర్ సలహాల కంపెనీ ఒకటి మొదలుపెట్టాడు. వచ్చే ఫోన్లను పంచడానికి ఎక్స్ఛేంజీ కొందామంటే ధర అందలేదు. దాంతో మామూలు కంప్యూటర్నే ఎక్స్ఛేంజీగా మార్చే ప్రోగ్రామ్ తనే రాసుకున్నాడు. పేరు ఆస్టరిస్క్... మన కీప్యాడ్ మీద ఉండే నక్షత్రం గుర్తే! రాసి దాచుకోకుండా అందరికీ ఇచ్చేశాడు. దాని మీద ఆధారపడి 2003లో మొదలైన వీసీడయల్ అనే కాల్ సెంటర్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. చిన్న చిన్న ఊళ్లలో కూడా కాల్ సెంటర్ గురించి ఆలోచించగలుగుతున్నామంటే ఇలాంటివాళ్ల చలవే.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఓ పూట పని. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. దాని పేరే నెట్‌వర్క్ సెట్టింగ్స్.

రామాలయం పక్కిల్లు!

కంప్యూటర్లు ఒకదాన్నొకటి ఐపీ అడ్రస్‌తో గుర్తుపడతాయి. మన గదిలోని సర్వర్‌కు 192.168.1.10 అని ఇచ్చామనుకోండి. ఈ వరుస నంబర్లు ఇంటి లోపల, ఆఫీసు లోపల వాడుకోవడానికి కేటాయించినవి. 1996లో చేసిన ఏర్పాటిది. మీ ఇంటి వైఫైలోనూ బహుశా ఇలాంటి అడ్రసే ఉంటుంది. మీ పక్కింట్లోనూ అదే. అమలాపురంలోనూ అదే, అమెరికాలోనూ అదే.

మన ఊళ్లో ఎవరినైనా ఇల్లెక్కడని అడిగితే 'రామాలయం పక్కిల్లు' అంటారు. ఊళ్లోవాళ్లకు ఆ గుర్తు చాలు. పోస్ట్‌మ్యాన్‌కీ చాలు. కానీ హైదరాబాద్‌లో ఉన్న చుట్టానికి ఉత్తరం రాసి, 'జవాబు రామాలయం పక్కింటికి పంపు' అని మాత్రమే రాస్తే? రామాలయం లేని ఊరేది! ఆ జవాబు ఎక్కడికి పోతుందో ఆ రాముడికే తెలియాలి. 192.168.1.10 అనేది అచ్చంగా రామాలయం పక్కిల్లే.

గది బయట ప్రపంచానికి తెలిసే అసలు అడ్రస్ వేరే ఉంటుంది. అది ఇంటర్నెట్ కంపెనీ ఇస్తుంది. 203.0.113.25 అనుకుందాం. లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చే పని మధ్యలో ఉన్న రూటర్ చేస్తుంది. మనం వెబ్‌సైట్లు చూసేటప్పుడు ఈ మార్పిడి చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది కాబట్టి మనకు దాని సంగతే తెలియదు. ఫోన్ కాల్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం చిక్కొస్తుంది. ఎందుకంటారా?

పేరయ్య చేతిలో చీటీ

ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్ రెండు భాగాలుగా ప్రయాణిస్తుంది. మొదటిది కాల్ కలపడం. దీనికో పద్ధతి ఉంది, పేరు సిప్. ఇది పెళ్లిళ్ల పేరయ్యలాంటిది. అటువాళ్ల సంగతి ఇటు, ఇటువాళ్ల సంగతి అటు చేరవేసి సంబంధం కుదురుస్తుంది. రింగవడం, ఎత్తడం, పెట్టేయడం అన్నీ దీని పనే. రెండోది అసలు మాట. అది ఆర్‌టీపీ అనే మరో దారిలో వెళ్తుంది. పేరయ్య చెప్పిన అడ్రస్‌కే వెళ్తుంది.

కాల్ కలిపేటప్పుడు సర్వర్ ఒక చీటీ రాసి పేరయ్య చేతికిస్తుంది. 'మీ మాటలు ఫలానా అడ్రస్‌కు పంపండి' అని అందులో ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే, పాపం ఆ సర్వర్ తనకు తెలిసిన అడ్రసే రాస్తుంది... 192.168.1.10. కవరు మీది అడ్రస్‌ని రూటర్ మారుస్తుంది గానీ, కవరు విప్పి లోపలి చీటీని దిద్దదు. అవతలి టెలిఫోన్ కంపెనీ ఆ చీటీని నమ్మి, మత్స్యకారుడి గొంతును 'రామాలయం పక్కింటికి' పంపేస్తుంది. అది దారిలోనే మాయమైపోతుంది. మన సర్వర్‌కు మాత్రం అవతలివారి అసలు అడ్రస్ తెలుసు కాబట్టి ఇటు నుంచి వెళ్లే మాట చక్కగా చేరుతుంది.

ఫలితం? ఫోన్ చేసినవాడికి అమ్మాయి గొంతు వినిపిస్తుంది. అమ్మాయికి అతని గొంతు వినపడదు. కాల్ రికార్డులో మాత్రం 'కాల్ కలిసింది, 40 సెకన్లు మాట్లాడారు' అని పడుతుంది. లెక్కల్లో అంతా సవ్యమే!

మరి మందు? ఆస్టరిస్క్ సెట్టింగ్స్‌లో రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, 'నువ్వు బయటివాళ్లకు 203.0.113.25గా కనిపిస్తావు, చీటీలో అదే రాయి' అని. దీన్ని ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్ అంటారు. పాత వెర్షన్లలో ఎక్స్‌టర్న్ ఐపీ అనేవారు. రెండోది లోకల్ నెట్, అంటే '192.168.1తో మొదలయ్యేవాళ్లు మనింటివాళ్లే, వాళ్లకు లోపలి అడ్రస్ ఇస్తే చాలు' అని. ఈ రెండూ రాయగానే పోయిన గొంతు తిరిగొస్తుంది, తలుపులు గనక తెరిచి ఉంటే!

తలుపులు... తాళాలు

తలుపులంటే పోర్టులు. కాల్ కలిపే సిప్ సాధారణంగా 5060 నంబరు తలుపు దగ్గరకు వస్తుంది. మాటలు మాత్రం 10000 నుంచి 20000 మధ్యలో ఏదో ఒక తలుపు తడతాయి. ఆస్టరిస్క్ మామూలుగా వాడే వరుస ఇది. 5060 తెరిచి, రెండో వరుసను మరిచిపోతే కాల్ కలిసి కూడా మాట రాదు. ఇంకో చిత్రం... కొన్ని రూటర్లలో 'సిప్ ఏఎల్‌జీ' అనే సదుపాయం ఉంటుంది. ఇది చీటీ విప్పి దిద్దడానికి ప్రయత్నించే అతి తెలివి రూటరన్నమాట! సాయం చేద్దామని చేసే ఆ దిద్దుబాటు చాలాసార్లు ఉన్నది చెడగొడుతుంది. అందుకే కాల్ సెంటర్ సర్వర్లు పెట్టేవాళ్లు మొదట దాన్ని ఆపేస్తారు.

అలాగని తలుపులన్నీ బార్లా తెరిచిపెడితే మరో ముప్పు. సిప్ సర్వర్ల కోసం ఇంటర్నెట్‌ని రాత్రింబగళ్లు గాలించే దొంగ ప్రోగ్రాములున్నాయి. తేలికైన పాస్‌వర్డ్ దొరికితే చాలు, మీ సర్వర్ నుంచి ఏ దూరదేశానికో ఖరీదైన కాల్స్ చేసేస్తాయి. తెల్లారేసరికి బిల్లు మీ పేరున తయారు! అందుకే టెలిఫోన్ కంపెనీ అడ్రస్ నుంచి వచ్చేవాటికే 5060 తలుపు తీయాలి. విదేశీ కాల్స్ అవసరం లేకపోతే మొత్తంగా ఆపేయాలి. పాస్‌వర్డ్ పొడుగ్గా, ఊహకందకుండా ఉండాలి.

ఇంకొక్క మాట. ఇప్పుడు చాలా ఇళ్ల కనెక్షన్లకు, మొబైల్ డేటాకు సొంత బయటి అడ్రస్ ఉండదు. వందల ఇళ్లకు కలిపి ఒకే అడ్రస్‌ని కంపెనీలు పంచుతుంటాయి. మీ రూటర్‌లో బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీదీ ఉమ్మడి అడ్రసే. దాని మీద సొంత సర్వర్ నడపడం కష్టం. 'స్టాటిక్ పబ్లిక్ ఐపీ కావాలి' అని కంపెనీని అడిగి తీసుకోవాలి. సర్వర్ లోపలి అడ్రస్ కూడా రోజుకొకటి మారకుండా స్థిరంగా పెట్టాలి. గడియారం సరిచేసుకోవడానికి ఎన్‌టీపీ సర్వర్ పేరు ఇవ్వాలి. ఎవరు ఎప్పుడు ఫోన్ చేశారో టైము తప్పు పడితే రేపు ఆ రికార్డు ఎవరికీ పనికిరాదు.

మాట ఆగితే మాట కాదు

తెలుగు పల్లెల్లో కంప్యూటర్ పని కొత్తేమీ కాదు. 2000ల మధ్యలోనే బైర్రాజు ఫౌండేషన్ 'గ్రామ్ ఐటీ' పేరుతో పశ్చిమ గోదావరి జిల్లా జల్లికాకినాడలాంటి ఊళ్లలో కేంద్రాలు పెట్టింది. పట్నం కంపెనీల ఆఫీసు పనులను ఊళ్లోని చదువుకున్న పిల్లలే చేసిపెట్టారు. పనిని ఊరికి తీసుకురావచ్చని అది చూపించింది. ఓ ఫారం రెండు సెకన్లు ఆలస్యంగా చేరినా కొంపలేం మునగవు. మాట విషయంలో ఆ వెసులుబాటు లేదు.

మన గొంతును కంప్యూటర్ సెకనుకు 50 ముక్కలుగా కోసి పంపుతుంది. ఒక్కో ముక్కలో సెకనులో యాభయ్యో వంతు మాట. నాణ్యమైన పద్ధతిలో అయితే ఒక కాల్‌కు, కవర్ల బరువుతో కలిపి, అటూ ఇటూ దాదాపు 87 కిలోబిట్ల చొప్పున దారి కావాలి. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైనప్పుడు 256 కిలోబిట్ల లైనంటేనే గొప్ప. దాని మీద ఇలాంటి కాల్స్ రెండు దాటితే తడబాటే! గొంతును బాగా కుదించే జీ.729 పద్ధతిలో ఒక కాల్‌కు 31 కిలోబిట్లు చాలు. అందుకే అప్పట్లో దానికంత గిరాకీ. ఇప్పుడు ఫైబర్ లైన్లు వచ్చాక నాలుగు కాల్స్‌కు చోటు సమస్యే కాదు.

చోటు ఉంటే సరిపోదు, ముందుగా వెళ్లే వీలుండాలి. నోటి నుంచి చెవికి చేరడానికి సెకనులో ఏడో వంతు, అంటే 150 మిల్లీసెకన్లలోపు పడితే మాటామాటా కలుస్తుందని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. అదే లైను మీద పక్క గదిలో ఎవరో సినిమా దించుకుంటుంటే మాటల ముక్కలు క్యూలో ఇరుక్కుపోతాయి. గొంతు తెగిపోతూ వస్తుంది. అంబులెన్స్‌కు దారిచ్చినట్టు మాటల ముక్కలకు ముందు దారి ఇవ్వమని రూటర్‌కు చెప్పాలి. ఈ సెట్టింగ్ పేరు క్యూఓఎస్.

రూల్సూ అడ్డుండేవి

మన దేశంలో కాల్ సెంటర్ కట్టడమంటే ఒకప్పుడు సర్వర్‌తోపాటు కాగితాలతోనూ కుస్తీ. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ టెలిఫోనీకి పరిమితంగా అనుమతిచ్చినా, ఇంటర్నెట్ కాల్స్‌నీ మామూలు ఫోన్ కాల్స్‌నీ కలపడంపై ఆంక్షలుండేవి. కాల్ సెంటర్లు టెలికాం శాఖ దగ్గర రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చేది. 2020లో కరోనా వచ్చి అందరూ ఇంటి నుంచే పనిచేయాల్సి రావడంతో ఆ రూల్స్ సడలించారు. అదే ఏడాది నవంబరులో రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నారు. 2021 జూన్‌లో దేశీయ, విదేశీ సెంటర్లన్న తేడానూ తీసేశారు. ఇప్పుడు సర్వర్ ఒకచోట, మాట్లాడేవాళ్లు వేర్వేరు ఊళ్లలో ఉండొచ్చు.

ఇంటి నుంచి పనిచేసేటప్పుడూ రామాలయం సమస్య వస్తుంది. ఈసారి చీటీలో తప్పు అడ్రస్ రాసేది ఇంట్లోని ల్యాప్‌టాప్. దీనికి స్టన్ అనే పద్ధతి ఉంది. బయట ఉన్న ఓ సర్వర్‌ని 'నేను మీకు ఏ అడ్రస్‌తో కనిపిస్తున్నాను?' అని అడగడమే దాని పని. అద్దంలో చూసుకున్నట్టన్నమాట. బ్రౌజర్‌లోంచే మాట్లాడే కాల్ సెంటర్లు దీన్నే వాడతాయి. దాంతోనూ కుదరకపోతే ఇంటి కంప్యూటర్‌ని వీపీఎన్‌తో ఆఫీసు గదిలోకి తెచ్చేస్తారు. అప్పుడిక అందరూ ఒకే ఊరివాళ్లు.

సముద్రంలో ఒకవైపు మాట

ఒకవైపే వినిపించే మాట ఎంత ప్రమాదమో మత్స్యకార కుటుంబాలను అడగాలి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2007 అక్టోబరులో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. హెచ్చరిక తయారవుతోంది సరే, సెల్‌ఫోన్ టవర్ అందనంత దూరం వెళ్లిన పడవకు దాన్ని చేర్చేదెలా? 2017లో ఓఖీ తుపాను ఈ లోటును మళ్లీ గుర్తుచేసింది. 2019 అక్టోబరులో జెమిని అనే పరికరం వచ్చింది. ఉపగ్రహం నుంచి తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల వివరాలు నేరుగా పడవలోకి పంపుతుంది. కానీ అది వినే చెవి మాత్రమే. పడవలోవాళ్లు 'మేం ఆపదలో ఉన్నాం' అని దాంతో చెప్పలేరు.

ఆ రెండోవైపు కోసం ఇస్రో ట్రాన్స్‌పాండర్ తయారుచేసింది. 2024 ఆగస్టు 30న, తీరప్రాంత రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష పడవలకు వీటిని అమర్చే పథకం మొదలైంది. దీంతో పడవ నుంచీ సందేశం పంపొచ్చు. ఆ సందేశం అందుకుని, ఒడ్డున కదిలేవాళ్లుండాలి మరి. సముద్రంలో ఆపదకు కోస్ట్‌గార్డ్ నంబరు 1554. పడవలున్న ఇళ్లలో ఈ నంబరు గోడమీద రాసి పెట్టుకోవడం మంచిది.

ఆఖరుగా... పరీక్ష!

మీ పిల్లలెవరైనా ఊళ్లో ఇలాంటి సెంటర్ పెడుతుంటే, ఈ ఒక్కటీ గుర్తుచేయండి. సర్వర్ సిద్ధమవగానే అందరూ చేసేదేమిటంటే, ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కు ఫోన్ చేసి చూడటం. ఇద్దరికీ ఖణీమని వినిపిస్తుంది. స్వీట్లు పంచేసుకుంటారు! కానీ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు కాబట్టి, లోపలి అడ్రస్‌తోనే పని జరిగిపోయింది. ఆ పరీక్షలో తప్పు ఎప్పటికీ బయటపడదు.

కాబట్టి వైఫై ఆపేసిన సెల్‌ఫోన్ పట్టుకుని బయటకు వెళ్లాలి. వేర్వేరు కంపెనీల సిమ్‌లతో, నిజంగా ఫోన్ చేసేవాళ్లు ఎక్కడుంటారో అక్కడి నుంచి చేయాలి. జువ్వలదిన్నెలో అయితే పడవలు కట్టే చోటి నుంచి, గాలి హోరులో. ఓ నిమిషం పాటు ఇద్దరూ మాట్లాడాలి. అటు మాట ఇటు వచ్చిందా, ఇటు మాట అటు వెళ్లిందా అని విడివిడిగా అడిగి రాసుకోవాలి. కరెంటు పోయి వచ్చాక, రూటర్ ఆపి వేశాక మళ్లీ ఒకసారి చూడాలి. ఈ పరీక్షలన్నీ నెగ్గాకే ఆ నంబరును బోర్డు మీద రాయించాలి.